మా ఇంట రెండు జెండా పండుగలు

మా బాళగనూరు పట్టణ పంచాయతీ పనులంటే తాగునీరు, మురుగుకాలువలు, వీధిదీపాలు, పన్ను బకాయిలు. 2022లో వాటి సరసన స్వాతంత్ర్య అమృతోత్సవమూ చేరింది. ఆగస్టు 13 మొదలు 15 వరకు ఇంటింటా జెండా ఎగరాలన్నారు. మేమూ కట్టాము.

పొరుగింటి కన్నడ పెద్దాయన చూసి, "1947లో ఇక్కడ ఈ జెండా కడితే నిజాం పోలీసులు పట్టుకుపోయేవారు, తమ్మా" అన్నారు.

మాకు సిగ్గనిపించింది. మా పెద్దలు తుంగభద్ర కాలువ నీటికోసం కోస్తానుండి వచ్చినవారు. వారికి పంద్రాగస్టే పండుగ. రాయచూరు సీమకు మాత్రం 1948 సెప్టెంబరు 17న గాని ఆ స్వేచ్ఛ రాలేదు. ఏటా ఆనాడు కచేరీలో జెండావందనం చేసి వచ్చామేగాని, అదెందుకో ఇంట్లో పిల్లలకు చెప్పలేదు.

ఈ నేల కూడు తింటూ దీని కథ తెలియకుంటే ఎలా? ఆ సెప్టెంబరులో పెట్టెలోని జెండా మళ్ళీ తీశాము. కర్ర పట్టుకున్నది ఆ పెద్దాయనే.