ఇచ్చి మరిచారా, ఇవ్వడమే మరిచారా?

పట్టా చేతబట్టుకొని ఉద్యోగాల వేటలో తిరిగిన తెలుగు యువకులకు ఒకప్పుడు ఒక ఇంగ్లీషు వాక్యం కంఠస్థమై ఉండేది: ‘వి రిగ్రెట్ టు ఇన్‌ఫార్మ్ యు...’ ఆ పైన ఏముంటుందో చదవనక్కరలేదు. ఆ ఉత్తరానికి ‘రిగ్రెట్ లెటర్’ అన్న పేరే స్థిరపడిపోయింది. అయితే అందులో ‘టు ఇన్‌ఫార్మ్’ ఉన్న చోట ‘ఇన్‌ఫార్మింగ్’ అని పెడితే అర్థం తలక్రిందులవుతుందన్న సంగతి, ఆ నిరాశలో గమనించినవారు అరుదు. మొదటిదానికి, ‘ఈ మాట చెప్పవలసి వస్తున్నందుకు విచారిస్తున్నాము’ అని అర్థం. రెండవదానికి, ‘ఆనాడు ఆ మాట చెప్పినందుకు ఇప్పుడు పశ్చాత్తాపపడుతున్నాము’ అని. ఏ కార్యాలయమైనా ఈ రెండవ రకం ఉత్తరం పంపి ఉంటే అది పటం కట్టించి దాచుకోదగినదే!

క్రియకు ముందు ‘టు’ చేర్చిన రూపాన్ని తెలుగు వ్యాకరణ పరిభాషలో తుమున్నర్థకమనీ, ‘ఇంగ్’ చేర్చి క్రియను నామంగా మార్చిన రూపాన్ని క్రియానామమనీ చెప్పుకోవచ్చు. ఏ క్రియ తరువాత వీటిలో ఏది రావాలన్నది ఇంగ్లీషు నేర్చుకునేవారిని చిరకాలంగా వేధిస్తున్న చిక్కు. బడులలో దీనికి విరుగుడు ఒక పట్టిక. ఎంజాయ్, అవాయిడ్, ఫినిష్, డినై అన్నవాటి తరువాత ‘ఇంగ్’. వాంట్, హోప్, డిసైడ్, ప్రామిస్, రెఫ్యూజ్ అన్నవాటి తరువాత ‘టు’. ఎక్కాల మాదిరిగా వల్లించడమే తరువాయి.

గుంటూరు జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో 30 ఏళ్ళకు పైగా ఇంగ్లీషు చెప్పి, ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్న మాస్టారొకరు ఈ పట్టికను ఎందరిచేతనో వల్లె వేయించినవారే. ఆయన మనుమరాలు నర్సింగు చదివి, ఇంగ్లండులో ఉద్యోగం కోసం భాషా పరీక్షకు సిద్ధమవుతోంది. రాత్రి డ్యూటీ ముగించిన నర్సు తన రోగులను మరొకరికి అప్పగించే సందర్భాన్ని అభ్యాసంగా వ్రాసి, ఆమె తాతగారికి చూపించింది. అందులో ఒక వాక్యం: ‘ఐ ఫర్గాట్ గివింగ్ హిమ్ ది నైట్ టాబ్లెట్.’

మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నారు.

“మాత్ర ఇచ్చావా, ఇవ్వలేదా తల్లీ?”

“ఇవ్వలేదు తాతయ్యా. ఇవ్వడం మరిచిపోయాననే గదా వ్రాశాను!”

“నువ్వు వ్రాసినదానికి, ఇచ్చావు గాని ఇచ్చిన సంగతి మరిచావని అర్థం. అది చదివిన నర్సు మళ్ళీ మాత్ర ఇవ్వదు. రోగికి ఆ పూట మందు పడనట్లే.”

“ఫర్గెట్ తరువాత రెండూ రావచ్చునని పట్టికలో ఉందే?”

ఉంది. పట్టిక అబద్ధం చెప్పలేదు. ఏది వస్తే ఏమి అర్థమో మాత్రం చెప్పలేదు.

ఆ అమ్మాయి కాలు జారినది ఇంగ్లీషులో కాదు, తెలుగులో. ‘ఇవ్వడం మరిచిపోయాను’ అంటే ఇవ్వలేదని తెలుగువారిలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఇచ్చి ఉంటే, ‘ఇచ్చిన సంగతి మరిచిపోయాను’ అంటారు. ‘ఇవ్వడం’ చూడగానే దానికి ‘గివింగ్’ సరిజోడు అనిపించడం సహజం. కాని ఇక్కడ ‘ఇవ్వడం’ అన్నదానికి సాటి ‘టు గివ్’. ‘ఇచ్చిన సంగతి’ అన్నదానికి సాటి ‘గివింగ్’. రిమెంబర్ అన్న క్రియకూ ఇదే వరుస. ‘రిమెంబర్ టు లాక్ ది డోర్’ అంటే తాళం వేయడం మరువవద్దని హెచ్చరిక. ‘ఐ రిమెంబర్ లాకింగ్ ది డోర్’ అంటే తాళం వేసినట్లు గుర్తున్నదని ధీమా.

మరికొన్ని చోట్ల ఇదే తెలుగు చేయి పట్టుకుని నడిపిస్తుంది. ‘సిగరెట్టు కాల్చడం మానేశాడు’ అంటే ‘స్టాప్డ్ స్మోకింగ్’. ‘సిగరెట్టు కాల్చడానికి ఆగాడు’ అంటే ‘స్టాప్డ్ టు స్మోక్’. ట్రై అన్న క్రియ ఇంకా ముచ్చటైనది. ‘ట్రైడ్ టు ఓపెన్ ది విండో’ అంటే కిటికీ తెరవడానికి ప్రయత్నించాడు. అది బిగుసుకుపోయి రాకపోయి ఉండవచ్చు. ‘ట్రైడ్ ఓపెనింగ్ ది విండో’ అంటే, గదిలో ఉక్క తగ్గుతుందేమోనని తెరిచి చూశాడు. ఈ ‘తెరిచి చూశాడు’ అన్న నుడికారానికి వ్యాకరణ గ్రంథాల పొడుగాటి వివరణలేవీ సాటిరావు.

ఈ భేదానికి మూలం ఇంగ్లీషు చరిత్రలోనే ఉన్నది. సుమారు 1000 ఏళ్ళ క్రిందటి ఇంగ్లీషులో ‘టు’ అన్నది ‘వైపు’ అని దిక్కును చూపే విభక్తి వంటి మాట. దాని తరువాత వచ్చే క్రియారూపం నామం వలె చతుర్థీ విభక్తికి సాటియైన ప్రత్యయాన్ని కూడా ధరించేది. ‘చేయడం’ మీద ‘కి’ చేర్చి ‘చేయడానికి’ అన్నట్లే గదా! కాలక్రమాన ఆ ప్రత్యయాలు అరిగిపోయి ‘టు’ ఒక్కటే మిగిలింది. ముందుకు చూసే దాని చూపు మాత్రం చాలవరకు పోలేదు. అందుకే కోరికలకు, నిర్ణయాలకు, వాగ్దానాలకు ‘టు’ ఇష్టసఖి. రూపం మారితే అర్థంలోనూ ఏదో ఒక మార్పు ఉండి తీరుతుందని అమెరికన్ భాషావేత్త డ్వైట్ బోలింజర్ 1968లో వాదించాడు. తుమున్నర్థకంలో సంభావ్యతనూ, ‘ఇంగ్’ రూపంలో వాస్తవంగా నెలకొన్న పనినీ ఆయన చూశాడు.

ఈ తాళంచెవి అన్ని తాళాలకూ పట్టదు. పోస్ట్‌పోన్, సజెస్ట్ అన్న క్రియలు ఇంకా జరగని పనినే చెబుతాయి. అయినా ‘ఇంగ్’ కోరతాయి. ‘మేనేజ్డ్ టు ఫినిష్’ అంటే పని అయిపోయినట్లే. అయినా అక్కడ ‘టు’. బిగిన్, స్టార్ట్ అన్నవాటి తరువాత ఏది వాడినా సామాన్యంగా తేడా కనిపించదు. ‘లుక్ ఫార్వర్డ్ టు’ మరొక ఉచ్చు: అక్కడి ‘టు’ నేటికీ విభక్తి వంటిదే కనుక దాని తరువాత ‘మీట్’ కాదు, ‘మీటింగ్’ రావాలి. ఇటువంటివాటికి పట్టిక తప్పదు. దానిని ఈసడించేవారు సాధారణంగా చిన్ననాడు వల్లించి గట్టెక్కినవారే.

మనుమరాలు తన వాక్యాన్ని కొట్టివేసి ‘ఐ ఫర్గాట్ టు గివ్’ అని దిద్దుకుంది. ఒక్క క్షణం ఆలోచించి, దాని క్రింద మరొక చిన్న వాక్యం చేర్చింది: ‘ది టాబ్లెట్ వాజ్ నాట్ గివెన్.’ మాస్టారు దిద్దిన వాక్యం మీద ఒక టిక్కు పెట్టి, అడగకుండా వ్రాసిన ఆ రెండవ వాక్యం మీద రెండు పెట్టారు.