చెక్క కనబడని బొమ్మ

ఈ రీల్ మీరూ చూసే ఉంటారు. చెట్టు కాండం మీద పెరిగిన పెద్ద బుడిపెను కోసి, బాగా ఎండబెట్టి, అచ్చులో పెడతారు. నీలం రంగు కలిపిన ఎపాక్సీ రెసిన్ పైనుంచి పోస్తారు. గట్టిపడ్డాక లేత్ మిషన్‌కి బిగించి ఉలి ఆనిస్తే పొట్టు రిబ్బన్లలా లేస్తుంది. చివరికి చేతిలో ఒక గిన్నె, సగం చెక్క, సగం సముద్రం!

బుడిపె అంటే చెట్టుకు దెబ్బో జబ్బో తగిలిన చోట పెరిగే ముద్ద. అందులో చెక్క గీతలు సుడులు తిరిగి ఉంటాయి. పగుళ్లు, గుంతలు కూడా ఎక్కువే. ఆ గుంతల్ని రంగు రెసిన్‌తో నింపి, లోపాన్నే అందంగా చూపించడం ఈ పనిలోని మజా. చెక్కలో తడి మిగిలితే మాత్రం రెసిన్‌లో బుడగలు లేస్తాయి. అందుకే ముందు ఎండబెట్టడమే అసలు పని.

నిజానికి చెక్కకు రంగు రెసిన్ పట్టించడం మనకు కొత్త కాదు. ఆంధ్రాలోని ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ రంగు లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. లక్క కూడా రెసినే, కాకపోతే పురుగులు ఇచ్చేది. మరి మన ఉత్తర తెలంగాణలో చెక్క ఖాళీల్ని దేంతో నింపుతారు? అది చూడ్డానికే కరీంనగర్‌లో నిర్మల్ దారి పట్టాను.

కరీంనగర్ అంటే వెండి ఫిలిగ్రీ. వెండిని సన్నని తీగలుగా లాగి, మెలిపెట్టి, లతల్లా అల్లుతారు. అక్కడ తీగల మధ్య ఖాళీయే అందం. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దాటితే రోడ్డు పక్కన పసుపు చేలు. ఆర్మూర్‌లో జాతీయ రహదారి 44 ఎక్కి ఉత్తరానికి తిరిగితే, సోన్ దగ్గర గోదావరి వంతెన. అది దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. 2016 నుంచి నిర్మల్ వేరే జిల్లా అయింది కానీ, పెద్దోళ్ల నోట ఇంకా ఆదిలాబాదే.

నిర్మల్‌లో బొమ్మలు చేసేవాళ్లని నకాషీలు అంటారు. 17వ శతాబ్దంలో నిమ్మనాయుడు అనే పాలకుడు వీళ్లని ఇక్కడికి పిలిపించాడని చెబుతారు. ఊరి పేరు కూడా ఆయన నుంచే వచ్చిందట. 1955లో కళాకారులు సహకార సంఘం పెట్టుకున్నారు. 2009లో ఈ బొమ్మలకు జీఐ ట్యాగ్ వచ్చింది.

ఒక కార్ఖానాలో పెద్దాయన నా చేతిలో చెక్క దిమ్మ పెట్టారు. బరువుంటుందని రెండు చేతులూ చాపాను. దిమ్మ మాత్రం థర్మాకోల్‌లా తేలిగ్గా ఉంది. "ఇదే పొణికి బిడ్డా. మంచిగ ఎండితే గింతే తూకం ఉంటది" అన్నారు.

పొణికి మెత్తటి చెక్క. ఉలికి ఇట్టే లొంగుతుంది. బొమ్మ మొత్తం ఒకే దిమ్మలోంచి రాదు. జింక అయితే ఒళ్లు, కాళ్లు, కొమ్ములు వేర్వేరుగా చెక్కి అతికిస్తారు. ఇక్కడే మన రెసిన్‌కి జోడీ కనిపిస్తుంది. చింతగింజల పిండిని ఉడికించి జిగురు చేసి, అందులో రంపపు పొట్టు కలుపుతారు. దాని పేరు లప్పం. అతుకుల్లో, పగుళ్లలో దీన్ని కూరి నున్నగా దిద్దుతారు. ఎండాక రుద్ది, తెల్ల సుద్ద పూత వేసి, దాని మీద రంగులు వేస్తారు. ఒకప్పుడు ఆకులు, మట్టి, రాళ్ల నుంచి రంగులు తీసేవారు. ఇప్పుడు ఎక్కువగా డబ్బా రంగులే.

చూశారా తేడా? రీల్‌లోని గిన్నెలో చెక్కే హీరో, ప్రతి సుడీ కనబడాలి. నిర్మల్ సీతాఫలంలో చెక్క కనబడితే పని సరిగ్గా రానట్టే. లప్పం కనబడకూడదు, అతుకు కనబడకూడదు, ఆఖరికి పొణికి కూడా కనబడకూడదు. ఆ పనితనమే ఇప్పుడు చిక్కు తెచ్చింది. కంటికి కనబడని చెక్క దొరక్కుండా పోతున్నా, కొనేవాళ్లకు తెలియట్లేదు.

పొణికి రాతి గుట్టల మీద, ఎండు అడవుల్లో పెరిగే చెట్టు. టేకులా ధర పలకదు, తలుపులకూ మంచాలకూ పనికిరాదు. కాబట్టి పనిగట్టుకుని నాటేవాళ్లు తక్కువ. బొమ్మల కోసం కొడుతూ పోతే, దగ్గరి గుట్టల మీద కరువైంది. "ఇదివరకు గిట్ల పొయ్యి గట్ల తెచ్చుకునేటోళ్లం. ఇప్పుడు కట్టె ఎప్పుడొస్తదా అని ఎదురుచూసుడే" అన్నారాయన. కట్టె లేని రోజు ఉలికి పని లేదు. ఉలికి పని లేని ఇంట్లో పిల్లలు ఇంకో పని వెతుక్కుంటారు. కొడుకు ఏం చేస్తున్నాడని అడిగితే, హైదరాబాద్‌లో డ్రైవింగ్ అని చెప్పారు.

"మరి అచ్చులో రెసిన్ పోసి చేస్తే కాదా కాకా?" అని అడిగాను.

ఆయన నవ్వారు. "ఎందుకు కాదు, అయితది. వంద పోస్తే వందా ఒక్క తీరుగనే వస్తయి. గప్పుడు అది నిర్మల్ల చేస్తే ఏంది, ఇంకో ఊర్ల చేస్తే ఏంది?"

జీఐ ట్యాగ్ అర్థం నాకు ఆ మాటలోనే దొరికింది. అది బొమ్మ ఆకారానికి వేసిన ముద్ర మాత్రమే కాదు. ఈ నేలకూ, ఈ చెక్కకూ, ఈ చేతికీ మధ్య ఉన్న లెక్క. చెట్టు పోతే ఆ లెక్కలో మొదటి అంకే పోతుంది. వాడిన కొద్దీ నాటాలి. అడవి శాఖ గుట్టలు ఎంచుకుని పొణికి పెంచితే, ఆ ఫలం ఏళ్ల తర్వాతే చేతికొస్తుంది. అందుకే మొదలుపెట్టాల్సింది ఇప్పుడే.

మనం చేయగలిగింది ఇంతకన్నా తేలిక. ఆ దారిలో వెళ్తే నిర్మల్‌లో ఓ గంట ఆగండి. బొమ్మను ముందు ఫొటో తీయకండి, చేతిలోకి తీసుకుని బరువు చూడండి. తర్వాత "ఇది పొణికేనా?" అని అడగండి. చెక్క గురించి అడిగేవాళ్లు ఉన్నారని షాపులో తెలిస్తే, ఆ మాట కార్ఖానా దాకా వెళ్తుంది. అక్కడి నుంచి గుట్ట దాకా వెళ్లాలి.