మా ఇంట్ల మగోళ్లెవ్వరు అరవై దాటలే

“మా ఇంట్ల మగోళ్లెవ్వరు అరవై దాటలే సార్.”

ఎకో బల్ల మీద పడుకుని ఆ మాట అన్న మనిషికి 52 ఏళ్లు. సూర్యాపేట వైపు రైతు. బీడీ లేదు, మందు లేదు, షుగరు లేదు. ఆర్నెల్లుగా ఆయాసం, రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుంటే గానీ రాత్రి ఊపిరాడదు. యాంజియోగ్రామ్‌లో రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయి. గుండె మాత్రం సాగిపోయింది, పంపింగ్ 25 శాతానికి పడిపోయింది. తండ్రి పొలం గట్టున కూలిపోయాడట, బాబాయి బస్సులో. ఊళ్లో గాలి సోకిందనుకున్నారు.

ఇలాంటి ఇళ్లను చూసినప్పుడల్లా 2009లో వచ్చిన రెండు పరిశోధనలు నాకు గుర్తుకొస్తాయి. రెండింటిలోనూ మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది. జనవరిలో అక్కడి శాస్త్రవేత్త తంగరాజ్ బృందం ప్రకటించిన విషయం ఇది: గుండె కండరంలోని ఒక ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో 25 అక్షరాలు ఊడిపోయిన లోపం దక్షిణాసియాలో సుమారు 4 శాతం మందికి ఉంది. లేనివారితో పోలిస్తే వీరికి గుండె కండరం దెబ్బతినే ముప్పు దాదాపు ఏడు రెట్లు. ఆ లోపం ఈ నేల మీదే సుమారు 33 వేల ఏళ్ల కిందట పుట్టిందని అంచనా.

ఇంత ముప్పు ఉన్నది ఇన్ని తరాలు ఎలా నిలిచింది? వయసులో ఉన్నప్పుడు శరీరం పాడైన ప్రోటీన్‌ను ఎప్పటికప్పుడు ఏరిపారేస్తుందని, వయసు మీదపడ్డాక ఆ పని మందగించి జబ్బు బయటపడుతుందని శాస్త్రవేత్తల వివరణ. అప్పటికే పిల్లలు పుట్టి పెద్దవాళ్లయి ఉంటారు. లోపం వాళ్లకు చేరిపోయి ఉంటుంది.

“ఇది మా కులపోళ్లకే వస్తదా సార్?” రైతు భార్య అడిగింది. కాదమ్మా అన్నాను. ఎందుకో సెప్టెంబరులో వచ్చిన రెండో పరిశోధన చూస్తే అర్థమవుతుంది. సీసీఎంబీకే చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ కలిసి 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యువులు చూశారు. ఈ దేశంలో అత్యధికులం రెండు పురాతన జనాల కలయికే, పాళ్లలోనే తేడా. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి మధ్య జరిగిందని 2013లో లెక్కగట్టారు. ఆ తర్వాత ఎవరి కులంలో వాళ్లు పెళ్లిళ్లు చేసుకోవడం మొదలైంది. కాబట్టి పాత లోపాలు కులం, భాష చూడకుండా అందరిలోకీ పాకాయి; తర్వాత తలెత్తిన అరుదైనవి పుట్టిన గుంపులోనే పేరుకున్నాయి. మేనరికాలు వాటికి తోడయ్యాయి.

ఈ లోపం ఉన్న ప్రతివారికీ జబ్బు రాదు. దాని పక్కనే ఉండే మరో మార్పు కొందరిలో ముప్పు పెంచుతోందని 2018లో తేలింది. అందుకే కనబడినవారికల్లా జన్యుపరీక్ష రాయను. ఇంటి చరిత్ర అడుగుతాను.

అది అడగక ఒకసారి తప్పు చేశాను. 38 ఏళ్లామె గుండెదడ అని వచ్చింది. ఈసీజీ బాగుంది, ధైర్యం చెప్పి పంపేశాను. అన్న నిద్రలోనే పోయాడన్న సంగతి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నాలుగేళ్లకు కాళ్ల వాపుతో తిరిగొచ్చింది. ఆ రోజు ఎకో చేసి ఉంటే నాలుగేళ్లు ముందే మందులు మొదలయ్యేవి. ఆ బాధ ఇప్పటికీ నాలో ఉంది.

రక్తనాళాలు పూడుకుపోయే జబ్బు కథ వేరు. దాని వెనుక ఒక్క జన్యువు కాదు, వందలు. వాటిని కూడి ముప్పును అంచనా వేసే లెక్కలు ఎక్కువగా యూరప్ మూలాలున్నవారి వివరాలతో కట్టినవి. మనకు అంత సరిగ్గా సరిపోవు. డాలస్ నుంచి చెల్లెలి పెళ్లికి వచ్చిన 41 ఏళ్ల ఇంజినీరుకు అక్కడి లెక్క ‘ముప్పు తక్కువ’ అని చెప్పింది. తండ్రికి 49వ ఏటే బైపాస్ అయిందన్నది ఆ లెక్కలోకి రాలేదు. రక్తంలో కొలెస్టరాల్‌ను మోసే లైపోప్రోటీన్-ఎ చూస్తే చాలా ఎక్కువ. అది వారసత్వంగా వచ్చేది, తిండి మార్చినా పెద్దగా తగ్గదు. దక్షిణాసియా మూలాలనే ముప్పు పెంచే అంశంగా అమెరికా మార్గదర్శకాలు 2018లో చేర్చాయి. పెళ్లి పందిరి తీయకముందే అతనికి స్టెంట్ వేయాల్సొచ్చింది.

రైతు తోబుట్టువులు నలుగురినీ పిలిపించాను. ముగ్గురి గుండె బాగుంది. చిన్న తమ్ముడికి పంపింగ్ 45 శాతం, అతనికి ఏ బాధా లేదు. మాత్రలు మొదలుపెట్టాం. మూడేళ్లయింది, పొలం పనులు మానలేదు.

మీ ఇంట్లో మగవాళ్లు 55 లోపు, ఆడవాళ్లు 65 లోపు గుండెజబ్బు పాలైనా, ఎవరైనా ఉన్నట్టుండి పోయినా డాక్టరు అడిగేదాకా ఆగకండి, మీరే చెప్పండి. తోబుట్టువులందరినీ వెంటబెట్టుకుని రండి.