చక్రానికీ ఇరుసుకీ నడుమ

ఈ నెల మా ఇంటి సంగతి ఒకటి వ్రాద్దామని కూర్చున్నాము. వంటలూ, పిల్లల నాట్య ప్రదర్శనలూ వ్రాసుకునే పేజీల్లో ఈ బండి చక్రాల గోల ఏమిటని విసుక్కోకండి. పదహారేళ్ళు దాటిన పిల్లలున్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ గోల తప్పదు.

మేమిద్దరం కొలరాడో వచ్చి ఇరవై రెండేళ్ళయింది. మాలో ఒకరు వంతెనలకు లెక్కలు కట్టే ఇంజనీరు, ఇంకొకరు ఆసుపత్రి ల్యాబులో పని చేస్తారు. మా పెద్దవాడు రెండు వేసవుల పాటు పక్కిళ్ళ పచ్చికలు కోసి, మంచు తోడి కూడబెట్టిన డబ్బుకు మేము కొంత కలిపితే, 2012 నాటి జీప్ రాంగ్లర్ ఒకటి కొన్నాడు. కొండదారుల్లో తిరగాలని వాడి కోరిక. ఎప్పటికైనా యూటాలోని మోయాబ్ బండలు ఎక్కించాలట.

కొన్న మూడో నెలలో 35 అంగుళాల టైర్లు వేయించాడు. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు లోపలి భాగాలకు రాసుకుని బర్రుమని చప్పుడు చేసేది. దానికి విరుగుడుగా వాడు తెప్పించినవే వీల్ స్పేసర్లు. హబ్‌కూ చక్రానికీ నడుమ ఇరికించే అల్యూమినియం బిళ్ళలన్నమాట. మావాడివి ఒక్కొక్కటీ అంగుళంన్నర మందం. చక్రం అంత మేరా బయటికి జరుగుతుంది, రాపిడి పోతుంది, బండి కూడా కాళ్ళు ఎడంగా పెట్టి నిలుచున్న పహిల్వానులా కనిపిస్తుంది. ఈ మూడో లాభమే వాడికి ముఖ్యమని మా అనుమానం.

"ఇవి భద్రమేనా?" అని నలుగురినీ అడిగాము. ఒక మిత్రుడు, "నేను అరవై వేల మైళ్ళు తిరిగాను, ఏమీ కాలేదు" అన్నాడు. ఇంకొకాయన, "వెంటనే పీకి పారేయించండి, చక్రం ఊడి పోతుంది" అన్నారు. రెండూ వినగా ఏదీ తోచలేదు. చివరికి ఒక చిన్న షాపులో బిగించి ఇచ్చారు. వంతెనల ఇంజనీరు గారు అద్దాల గదిలో కాఫీ తాగుతూ కూర్చున్నారే గాని, ఎలా బిగిస్తున్నారో చూడలేదు. ఆ తప్పు మాదే.

ఆ బండి వాడిదే అయినా చలికాలంలో నడిపేది వాళ్ళమ్మే. ఆసుపత్రి డ్యూటీ ఉదయం ఆరింటికి. మంచు పడిన రోజున మా పాత సెడాను వాకిలి దాటదు. జీపుకైతే నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది. అందుచేత వాడు సెడానులో బడికీ, అమ్మ జీపులో ఆసుపత్రికీ వెళ్ళేవారు.

ఫిబ్రవరిలో ఒకనాడు తెల్లవారకముందే ఐ-25 రహదారి మీద ఎడమ వెనక చక్రం దగ్గర టుక్కు టుక్కుమని చప్పుడు మొదలైంది. కాసేపటికి బండి వెనకభాగం ఊగసాగింది. ఆమె బ్రేకు గట్టిగా తొక్కకుండా, యాక్సిలరేటరు మీద కాలు తీసి, మెల్లగా పక్కకు చేర్చి ఆపింది. టార్చిలైటు వేసి చూస్తే పైకి కనిపించే ఐదు నట్లూ బిగువుగానే ఉన్నాయి. చక్రం మాత్రం చేత్తో పట్టి ఊపితే కదులుతోంది. "ఏమండీ, నట్లన్నీ ఉన్నాయి, చక్రం మాత్రం ఊగుతోంది" అని ఫోను చేసింది. ఆ మాట మాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

బండిని లాగించి మరో మెకానిక్కు దగ్గర విప్పిస్తే కథంతా బయటపడింది. ఇలాంటి స్పేసరుకు రెండు వరసల నట్లుంటాయి. లోపలి వరస స్పేసరును హబ్‌కు పట్టి ఉంచుతుంది. బయటి వరస చక్రాన్ని స్పేసరుకు పట్టి ఉంచుతుంది. మనకు కనిపించేది బయటి వరసే. మా బండికి వదులైంది లోపలి వరస. రెండు స్టడ్లు వంగిపోయాయి, స్పేసరు రంధ్రాలు గుండ్రదనం పోయి కోలగా సాగిపోయాయి.

ఎందుకు వదులైంది? చక్రాన్ని పట్టి ఉంచేది ఆ స్టడ్ల లావు అని మేము అనుకునేవాళ్ళం. నిజానికి నట్టు బిగించినప్పుడు స్టడ్డు వెంట్రుకవాసి సాగుతుంది. సాగిన స్ప్రింగు లాగా అది వెనక్కి లాగుతూ రెండు ముఖాలనూ అదిమి పెడుతుంది. ఆ అదుములో పుట్టే రాపిడే చక్రాన్ని జారనివ్వదు. ముఖాల మధ్య తుప్పు గాని, పెయింటు గాని, ఇంకేదైనా గాని ఉంటే, నడిచిన కొద్దీ అది నలిగి పలచబడుతుంది. అది వెంట్రుకవాసి తగ్గినా చాలు, స్టడ్డు సాగుదల పోతుంది, దానితో బిగువూ పోతుంది. మా హబ్ మీద తుప్పు గీకనే లేదు. ఫ్యాక్టరీలో స్టడ్లకు తగిలించే పల్చని రేకు క్లిప్పులను తీయకుండానే స్పేసరును వాటి మీద కూర్చోబెట్టారు. ఇక అది సమంగా ఎలా ఆనుతుంది? ఇన్నాళ్ళూ వంతెనల బోల్టుల గురించి ఇవే సూత్రాలు వల్లించిన ఇంజనీరుగారికి ఆ రోజు అన్నం సహించలేదు.

ఆపైన మేము తెలుసుకున్నవి నాలుగు మాటల్లో చెబుతాము. స్పేసర్లలో రెండు రకాలు. ఒకటి ఉన్న స్టడ్ల మీదే తొడిగే ఉత్త పలక. దానికి సొంత స్టడ్లుండవు గనుక, పలక ఎంత మందముంటే నట్టుకు అంత మర తగ్గిపోతుంది. స్టడ్డు ఎంత లావో కనీసం అంత పొడవు మర నట్టు పట్టుకోవాలి. మా బండివి అర అంగుళం స్టడ్లు, అంగుళానికి 20 మరలు. అంటే నట్టు కనీసం పది చుట్లు తిరగాలి. రెండో రకం సొంత స్టడ్లతో వచ్చేది, మావాడు కొన్నట్టిది. అందులోనూ పోత పోసినది కాకుండా 6061-టి6 వంటి గట్టి మిశ్రలోహంతో చేసినదై ఉండాలి. నడిమి రంధ్రం హబ్ మీద సరిగ్గా కూర్చోవాలి. మా జీపుకు అది 71.5 మిల్లీమీటర్లు. నక్షత్రం గీసినట్టు ఎదురెదురు నట్లను వరుసగా టార్క్ రెంచ్‌తో బిగించాలి. మా బండి మాన్యువల్‌లో ఉన్న అంకె 95 ఫుట్-పౌండ్లు. ఇంపాక్ట్ గన్నుతో బర్రుమనిపించి వదిలేయకూడదు. యాభై, వంద మైళ్ళు నడిచాక చక్రాలు విప్పి లోపలి వరసను మళ్ళీ బిగించాలి. ఈ మాట ఆ షాపులో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఒక స్పేసరు మీద ఇంకొకటి ఎన్నడూ పెట్టకూడదు.

అన్నీ సక్రమంగా చేసినా ఒక ఖర్చు మాత్రం తప్పదు. నీళ్ళ బిందెను చంకన పెట్టుకుంటే బరువు తెలియదు, అదే బిందెను చెయ్యి చాచి పట్టుకుంటే భుజం పీకుతుంది. చక్రం అంగుళంన్నర బయటికి పోతే బేరింగుకూ, బాల్ జాయింటుకూ అదే గతి. పైగా మా రాష్ట్రంలో చలికాలం రోడ్ల మీద మెగ్నీషియం క్లోరైడు చల్లుతారు. ఇనుమూ అల్యూమినియమూ ఆనుకున్న చోట ఆ ఉప్పునీరు చేరితే తుప్పు త్వరగా పడుతుంది.

కాబట్టి "వీల్ స్పేసర్లు రోజువారీ వాడకానికి భద్రమేనా?" అంటే మా జవాబు ఇది: మంచి సరుకు కొని, పద్ధతిగా బిగించి, వేళకు చూసుకునే మనిషి చేతిలో భద్రమే. అరవై వేల మైళ్ళు తిరిగిన మా మిత్రుడు అటువంటి మనిషి. బండి చూసుకునేది ఒకరు, నడిపేది మరొకరు అయిన మా ఇంట్లో మాత్రం కాదు.

ఆ రాత్రి వంటింటి బల్ల దగ్గర ముగ్గురం కూర్చున్నాము. తిట్టాలని మేము సిద్ధం చేసుకున్న మాటలేవీ నోటికి రాలేదు. మావాడు వంగిన స్టడ్డును చేతిలో తిప్పుతూ, "అమ్మా, నేను చూసుకోవాల్సింది" అన్నాడు. వాళ్ళమ్మ, "నేను నడుపుతున్నాను గదా నాయనా, నేనూ అడగాల్సింది" అంది. వాడు స్పేసర్లు మానేసి, ఆఫ్‌సెట్ తక్కువగా ఉన్న చక్రాలు కొనడానికి మళ్ళీ మంచు తోడాడు. వీటితో కూడా చక్రం బయటికే వస్తుంది, బేరింగు మీద భారం పడనే పడుతుంది. కానీ కంటికి కనబడని ఆ లోపలి నట్ల వరస ఉండదు. ఉన్న ఐదు నట్లనూ ఎవరైనా చూడవచ్చు.

ఇది విని హైదరాబాదులో మహీంద్రా థార్ కొన్న మా బావమరిది, "మాకూ స్పేసర్లు పంపించండి బావా" అని అడిగాడు. అక్కడ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది. కంపెనీ నిర్దేశించిన దానికి విరుద్ధంగా బండిని మార్చరాదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆ మాటే చెప్పి, స్పేసర్లకు బదులు ఒక టార్క్ రెంచ్ పంపించాము.

మా తాతగారు ఎడ్లబండి కట్టే ముందు ఒంగుని, ఇరుసు చివర చీల ఉందో లేదో చేత్తో తడిమి గాని ఎక్కేవారు కాదు. ఇప్పుడు వాళ్ళమ్మ నెలకొకసారి, డ్యూటీకి బయలుదేరే ముందు, తనే నట్లకు రెంచ్ వేసి చూసుకుంటుంది. ఐదుసార్లు టిక్కుమన్నాక గాని మరో చక్రం దగ్గరకు పోదు.

ఈసారి ఉగాది సంబరాలకు జీపులూ, ట్రక్కులూ వేసుకొచ్చే పిల్లలు చాలామందే ఉంటారు. మావాడు రెంచ్ పట్టుకుని పార్కింగులో ఉంటానన్నాడు. చక్రాలకు స్పేసర్లున్నవారు సంకోచించకుండా వాడి దగ్గరకు రండి. లోపలి నట్లు చూడాలంటే చక్రాలు విప్పాలి గనుక భోజనాలకు ఒక గంట ముందే వస్తే మంచిది.