లాల్‌బాగ్‌లో 25 ఉదయాలు

బెంగుళూరు వెళ్ళిన తెలుగువారిలో లాల్‌బాగ్ చూడకుండా తిరిగి వచ్చేవారు తక్కువ. పూల ప్రదర్శన రోజుల్లో పిల్లలను భుజాన ఎక్కించుకొని, అద్దాల మేడ ముందు ఫోటో దిగి, సాయంత్రానికి రైలెక్కేస్తాం. మా పెళ్ళయిన కొత్తలో మేమూ అలాగే చూసి వచ్చాం. నిజం చెప్పాలంటే అప్పుడు మేము చూసింది జనాన్నే గాని తోటను కాదు. తోటను చూడడం 2019లో జరిగింది. అదీ మేము కోరుకోని పని మీద వెళ్ళినప్పుడు.

అంతకు ముందు సంవత్సరం మా ఆవిడకు రొమ్ములో గడ్డ కనిపించింది. ఆపరేషన్ అయింది, మందులు ఎక్కించడం అయింది, జుట్టంతా రాలిపోయింది. ఇక మిగిలింది రేడియేషన్. మన ఊళ్ళలో ‘కరెంటు పెట్టడం’ అంటారే, అది. వారానికి అయిదు రోజుల చొప్పున అయిదు వారాలు, మొత్తం 25 సార్లు. మా అమ్మాయి ఇల్లు బెంగుళూరులో బసవనగుడి వైపు ఉండడంతో అక్కడే చేయించుకోవడానికి నిశ్చయించుకొన్నాం. జనవరి 28, సోమవారం మొదలు. నీరసం తగ్గాలంటే రోజూ కొంచెం నడవమనీ, కరెంటు పెట్టిన చోట ఎండ తగలనివ్వవద్దనీ డాక్టరమ్మ చెప్పారు. ఎండ రాకముందే నడవాలి. ఇంటికి దగ్గర్లో లాల్‌బాగ్ పడమటి గేటు ఉంది. అలా మొదలైంది మా నడక. భక్తితో కాదు, మందుచీటీలో ఒక మందులాగా.

మొదటిరోజు వెళ్ళేసరికి గణతంత్ర దినోత్సవపు పూల ప్రదర్శన అయిపోయింది. అద్దాల మేడ దగ్గర పనివాళ్ళు కుండీలను బండ్లకెత్తుతున్నారు. వాడిన పూలు ఒక మూల కుప్పగా పోసి ఉన్నాయి. మా ఆవిడ ఆ కుప్ప వంక చూసి ముఖం తిప్పుకొంది.

ఈ తోటకు 1760లో హైదర్ ఆలీ పునాది వేశాడు. ఆయన కుమారుడు టిప్పు సుల్తాన్ దూరదేశాల నుండి మొక్కలు తెప్పించి పెంచాడు. ఇప్పుడిది దాదాపు 240 ఎకరాలు. అద్దాల మేడకు 1889లో శంకుస్థాపన జరిగింది. అప్పట్లో తోటను చూసుకొంటున్న జాన్ కామెరాన్ అనే ఆయన పేరు మనకు తెలియకపోయినా, ఆయన చేసిన మేలు మన వంటింట్లో ఉంది. మనం బెంగుళూరు వంకాయ అంటామే, ఆ కాయ తీగను ఈ ప్రాంతానికి అలవాటు చేసింది ఆయనే. మందులు ఎక్కించినప్పటి నుండి మా ఆవిడకు ఏ కూరా సహించేది కాదు. పెసరపప్పు వేసి, కారం లేకుండా మా అమ్మాయి వండిన బెంగుళూరు వంకాయ కూర ఒక్కటే నాలుగు ముద్దలు దిగేది. ఆ సంగతి తెలిశాక భోజనానికి ముందు ప్రార్థనలో కామెరాన్ దొర కోసం కూడా ఒక మాట కలుపుకొన్నాం. పిల్లలు నవ్వారు.

నడకలో మా ఆవిడ ఒక నియమం పెట్టింది. అద్దాల మేడ దాటేలోపు ఒక్కొక్కరం ఒక్కొక్క విషయానికి దేవునికి కృతజ్ఞత చెప్పాలి. నిన్న చెప్పింది ఈ రోజు చెప్పకూడదు. మొదటివారం తేలికగానే గడిచింది. అమ్మాయి, అల్లుడు, చల్లని గాలి, ఆస్పత్రికి వెళ్ళడానికి దొరికిన ఆటో. రెండో వారానికి మా మాటలు సంఘంలో సాక్ష్యం చెప్పినట్లు తయారయ్యాయి. నోటికి వచ్చినవి గాని గుండెలోంచి వచ్చినవి కావు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఎవరం బయటపడలేదు.

మూడో వారంలో చర్మం కమిలి మంట మొదలైంది. ఒక రాత్రంతా ఆమెకు కునుకు లేదు. తెల్లవారి తోటకు వచ్చాం గాని అద్దాల మేడ దాటినా నోరు విప్పలేదు. చివరకు, “ఏమండీ, ఈ రోజు నా దగ్గర ఏమీ లేదు. అబద్ధం చెప్పమంటే చెబుతాను” అంది. ఎన్నో కుటుంబ ప్రార్థనలు నడిపించిన నోరు మాది. వాక్యాలు చాలా గుర్తుకొచ్చాయి. ఎందుకో ఒక్కటీ చెప్పబుద్ధి కాలేదు. మన ప్రభువు కూడా ఒక తోటలోనే గదా, ఈ గిన్నె తొలగించమని అడిగాడు! పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాం.

ఎదురుగా ఒక చెట్టు. కొమ్మలకు ఆకన్నది లేదు గాని, పైనుండి కింది దాకా పసుప్పచ్చని పూలు. నేలంతా అవే. అది దక్షిణ అమెరికా నుండి వచ్చిన టబెబుయా అని తరువాత తెలిసింది. పొడవాటి చీపురుతో ఒక పనిమనిషి ఆ పూలు ఊడుస్తోంది. మేము తెలుగులో మాట్లాడుకోవడం విని పలకరించింది. హిందూపురం వైపు మనిషి.

“ఏమక్కా, అట్లా కూర్చుంటివి? కాళ్ళు నొప్పులా?”

“అవునమ్మా. ఈ చెట్టుకు ఆకులేమయ్యాయి?” అని మా ఆవిడ మాట మార్చింది.

“ఆకంతా రాలినాకనే పూస్తాదక్కా ఇది. చూసేవాళ్ళకు బాగుంటాది. ఊడ్చేది మాకు కష్టం. ఇట్లా ఊడ్చుకొని పోతే అట్లా రాలతాది.”

అంతకంటే ఏమీ జరగలేదు. ఆమె ఊడ్చుకొంటూ ముందుకు పోయింది. గేటు దగ్గరకు వచ్చాక మా ఆవిడ, “ఆమె నన్ను అక్కా అంది. తలకు ఈ గుడ్డ ఎందుకు చుట్టుకొన్నావని అడగలేదు. ఈ రోజుకు ఇది రాసుకోండి” అంది. పలకరించడానికి వచ్చిన బంధువులంతా కొన్ని నెలలుగా ఆమెను రోగిగానే చూశారు. మేమూ అంతే చేశామేమో. ఆ రోజు నుండి నియమం కొంచెం మారింది. కృతజ్ఞత చెప్పాలని లేదు, కళ్ళబడినది చెబితే చాలు. చెప్పడానికి ఏమీ లేకపోతే ఊరకే నడవాలి.

విచిత్రమేమిటంటే, అప్పటి నుండే తోట కనిపించడం మొదలుపెట్టింది. ఏనుగు పాదాల్లాంటి వేళ్ళతో నిలబడ్డ ఆ పెద్ద తెల్ల బూరుగు చెట్టును అన్ని రోజులూ దాటి పోయామంటే మాకే నమ్మబుద్ధి కాలేదు. చెరువు మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకోవడం చూశాం. వాకింగు బూట్ల పెద్దమనుషులు స్థలాల ధరలు మాట్లాడుకొంటూ మమ్మల్ని రాసుకొని పోయేవారు. అందులో సగం తెలుగే. పోనివ్వండి, వాళ్ళ ఉదయం వాళ్ళది.

ఇక్కడ ఒక జర్మను తోటమాలి గురించి చెప్పాలి. గుస్తావ్ క్రుంబీగల్ అని, 1908 నుండి 1932 వరకు లాల్‌బాగ్ బాధ్యత చూశారు. ఒక చెట్టు పూత ముగిసేసరికి మరొకటి అందుకోవాలి, ఏ నెలా పూలు లేకుండా పోకూడదని లెక్క వేసి, తోటలోనే గాక పట్టణపు వీధుల వెంట కూడా చెట్లు నాటించారట. టబెబుయా తరువాత జకరండా, ఎండలు ముదిరాక ఎర్ర తురాయి, పచ్చ తురాయి. ఆయన నాటించిన వాటిలో ఎన్నో పెద్దవై పూసేనాటికి ఆయన ముసలివారై ఉంటారు. 1956లో ఇదే పట్టణంలో కన్నుమూశారు. హోసూరు రోడ్డు సమాధుల తోటలో ఆయన సమాధి ఉంది. మనకు చీకటిగా తోచిన నెల కోసం ఎవరో చాలా ముందుగానే ఒక చెట్టు నాటి ఉంచడమన్నది మమ్మల్ని చాలా రోజులు ఆలోచింపజేసింది. యేసు లేచిన ఉదయాన మగ్దలేనే మరియ ఆయనను తోటమాలి అనుకొందని చదివినప్పుడల్లా పాపం పొరబడింది అనుకొనేవాళ్ళం. ఇప్పుడంత గట్టిగా అనలేం.

మార్చి 1, శుక్రవారం, చివరి కరెంటు. ఆ ఉదయం మా ఆవిడ రాతిగుట్ట ఎక్కుతానంది. సుమారు 300 కోట్ల సంవత్సరాల నాటి రాయి అది. దాని మీద కెంపెగౌడ బురుజు ఉంది. కుర్రవాళ్ళు అయిదు నిమిషాల్లో ఎక్కే ఆ గుట్టను మేము మూడుచోట్ల ఆగి ఎక్కాం. పైన గాలికి ఆమె తలగుడ్డ జారింది. వేలెడైనా లేని కొత్త జుట్టు, సగానికి సగం నెరిసి ఉంది. మళ్ళీ కట్టుకోలేదు. దిగి వచ్చేటప్పుడు హిందూపురం చెల్లెలి కోసం వెదికాం గాని ఆ రోజు కనిపించలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు వంటింటి బుట్టలో మొలకెత్తిన బెంగుళూరు వంకాయ ఒకటి మా ఆవిడ సంచీలో వేసుకొంది. ఈ కాయను కోసి గింజ తీయనక్కరలేదు, మొలకతో సహా కాయనే పాతిపెట్టాలి. మాది కోస్తా ఊరు, ఎండలు జాస్తి. ఆ యేడు తీగ గోడెక్కింది, చిన్న చిన్న పూలు పూసింది గాని కాయ పట్టలేదు. మరుసటి సంవత్సరం పరీక్షలకు బెంగుళూరు వెళ్ళినప్పుడు ఇంకొక కాయ తెచ్చి, ఈసారి వేపచెట్టు నీడన పాతింది.