హోమ్ గ్రౌండ్

2009 మే 24 రాత్రి మహబూబ్‌నగర్‌లో మా ఇంట్లో కరెంటు పోలేదు. జోహానెస్‌బర్గ్‌లో డెక్కన్ చార్జర్స్ 6 పరుగుల తేడాతో బెంగళూరుని ఓడించి ఐపీఎల్ కప్పు కొట్టింది. ముందు ఏడాది అట్టడుగున ఉన్న టీమ్! ఎన్నికల వల్ల ఆ సీజన్ మొత్తం దక్షిణాఫ్రికాలోనే జరిగింది కాబట్టి, వచ్చేసారి ఉప్పల్‌లో చూద్దామని ఇంజనీరింగ్ దోస్తులం అనుకున్నాం.

వచ్చేసారికి మేమే ధర్నాల్లో ఉన్నాం. తెలంగాణ ఉద్యమం వేడి మీదుందని 2010లో హైదరాబాద్ మ్యాచ్‌లన్నీ తీసేశారు. చాంపియన్లు నాగ్‌పూర్, కటక్, నవీ ముంబైలలో 'హోమ్' మ్యాచ్‌లు ఆడారు. నేను మొహం వేలాడేసుకుంటే నాయిన అన్నాడు: "పాలమూరోళ్లు బొంబాయికి పోతే ఎవడూ అడగడు. టీమ్ పోతే ఏడుస్తున్నవారా?" బొంబాయి బస్సు ఎక్కేవాళ్లని రోజూ చూసే ఊరు మాది. ఏం చెప్పను? ధర్నాలో నినాదాలిస్తూనే పక్కవాణ్ణి గుసగుసగా స్కోరు అడిగేవాణ్ణి.

2012లో బోర్డు ఆ ఫ్రాంచైజీనే రద్దు చేసింది. 2013 నుంచి సన్‌రైజర్స్. వాళ్లు 2016లో కప్పు గెలిస్తే సంతోషమే, కానీ పెద్దనాయిన కొడుక్కి ర్యాంకొచ్చినట్టు. (2008లో బాస్కెట్‌బాల్ టీమ్ ఓక్లహోమా సిటీకి తరలిపోయిన సియాటెల్ వాళ్లకి నా బాధ అర్థమవుతుంది.)

రాష్ట్రం వచ్చాక, 2017లో, నాయినని ఉప్పల్ తీసుకుపోయాను. కాసేపు చూసి, "వీళ్లల్ల మనోళ్లెవరురా?" అన్నాడు.

సిరాజ్‌ని చూపించాను.

"ఇంకా?"