బొటనవేలి కింద ఒక్క మిల్లీమీటరు

ఇస్నాపూర్ చౌరస్తా దగ్గర ముంబై హైవేని వదిలి పాశమైలారం పారిశ్రామికవాడలోకి తిరిగితే రోడ్డుకు రెండువైపులా పెద్ద పెద్ద గేట్లే. లోపల మందుల కంపెనీలు, రసాయనాల ప్లాంట్లు, ఇనుప షెడ్లు. ఈ పటాన్‌చెరు ప్రాంతం అనగానే బయటివాళ్ళకు గుర్తొచ్చేవి ఇవే. కాస్త తెలిసినవాళ్ళు 1972లో వెలసిన ఇక్రిశాట్ పేరు, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ పేరు చెబుతారు. కానీ ఈ వాడల్లో లోపలి వీధులకు వెళ్తే పట్టుమని పదిమంది కూడా లేని చిన్న యూనిట్లు కనిపిస్తాయి. పెద్ద కంపెనీల యంత్రాలకు నేమ్‌ప్లేట్లు, రబ్బరు వాషర్లు, గాస్కెట్లు, స్విచ్చుల మూతలు చేసిపెట్టేది వీళ్ళే.

నేను వెతుక్కుంటూ వెళ్ళింది అలాంటి షెడ్డునే. అక్కడ నేమ్‌ప్లేట్లతో పాటు వీడియో గేమ్ రిమోట్ల బటన్ల మీద అంటించుకునే క్యాపులు కూడా తయారవుతున్నాయని సికింద్రాబాద్ సీటీసీ మార్కెట్లో రిమోట్లు రిపేరు చేసే ఒకతను చెప్పాడు. చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్ ఏదైనా, దాని బటన్ల సైజు, ఎత్తు, నునుపు కంపెనీ నిర్ణయిస్తుంది. చేతులు మాత్రం ఎవరివి వాళ్ళవే. చెమట పట్టే చేయి, సన్నటి వేళ్ళు, సరిగా మడవని బొటనవేలు, అన్నిటికీ అదే బటన్. ఆ తేడాని పూడ్చే చిన్న ముక్క ఈ స్టిక్కర్ క్యాపు.

యజమాని బాలానగర్ టూల్‌రూముల్లో డైలు చేసి చేసి సొంతంగా షెడ్డు పెట్టుకున్న మనిషి. హైదరాబాద్ చుట్టుపక్కల డై పని తెలిసినవాళ్ళు ఇంతమంది ఉండటానికి బాలానగర్‌లో 1968లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఒక పెద్ద కారణం. ఆయన ముందుగా ఒక పాత రిమోట్ విప్పి బల్ల మీద పరిచాడు. "క్యాప్ సంగతి తర్వాత సార్. ముందుగాల దాని కింద ఏమున్నదో చూడుండ్రి," అన్నాడు.

పైన గట్టి ప్లాస్టిక్ బటన్. దాని కింద సిలికాన్ రబ్బరు పొర, ఒక్కో బటన్‌కు ఒక్కో గుబ్బ. గుబ్బ లోపల నల్లటి కార్బన్ బిళ్ళ. నొక్కితే గుబ్బ మడతపడి, ఆ బిళ్ళ సర్క్యూట్ బోర్డు మీది రెండు దారులను కలుపుతుంది. వేలు తీయగానే రబ్బరు తనంతట తనే లేస్తుంది. ఈ రాకపోకలన్నీ ఒకటి రెండు మిల్లీమీటర్లలోనే. ఆ కాస్త చోటులోనే క్యాపు ఇమడాలి. బటన్ కంటే వెడల్పైతే, నొక్కినప్పుడు కార్బన్ బిళ్ళ తగిలేలోపే క్యాపు అంచు రిమోట్ పైడొప్పకు తగిలి ఆగిపోతుంది. బరువైతే గుబ్బ లేవడం మందగిస్తుంది. మరీ ఎత్తైతే ఇంకో చిక్కు. పరుగు బటన్‌ని వేలి కొసతో పట్టుకుని, అదే వేలి మధ్యభాగంతో గెంతు బటన్ నొక్కడం ఆటగాళ్ళకు అలవాటు. ఎత్తు పెరిగితే వేలు అలా దొర్లదు. అందుకే ఈ షెడ్డులో చేసే క్యాపులు చాలావరకు బటన్ కంటే అర మిల్లీమీటరు చిన్నవి, మందం మిల్లీమీటరుకు అటూ ఇటూ.

రెండు రకాలు చేస్తారు. మొదటిది డోమ్ స్టిక్కర్. మోటార్ల మీద, కంప్రెసర్ల మీద గాజులా మెరుస్తూ ఉబ్బెత్తుగా ఉండే కంపెనీ పేర్లు చూసే ఉంటారు, అదే పని. అక్షరాలు అచ్చువేసిన వినైల్ షీటు మీద చిన్న చిన్న గుండ్రాలు కట్ చేసి ఉన్నాయి. పాలీయురేథేన్ రెండు భాగాలుగా వస్తుంది. కొలిచి కలిపి, గాలి పోయేదాకా వాక్యూమ్‌లో ఉంచి, సన్నటి నాజిల్‌తో ఒక్కో గుండ్రం మధ్యలో ఒక్కో బొట్టు వేస్తున్నాడు మాస్కు కట్టుకున్న కుర్రాడు. బొట్టు మెల్లగా పరుచుకుంటూ పోయి, కట్ చేసిన అంచు దాకా వచ్చి ఆగిపోయింది. అంచుదాకా నింపిన గ్లాసులో నీళ్ళు పొంగి కూడా ఒలకనట్టు. ఆ ఉబ్బును ఏ డై చెయ్యలేదు, ద్రవానికున్న తలతన్యతే చేసింది. బొట్టు కాస్త ఎక్కువైతే అంచు దాటి కారిపోతుంది, తక్కువైతే మధ్యలో గుంట పడుతుంది.

ఈ పనికి వానాకాలం గడ్డుకాలం. ఈ రెసిన్‌లోని రసాయనం గాలిలోని తేమతో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. పైకి అద్దంలా గట్టిపడే బిళ్ళ లోపల బుడగలు చిక్కుకుంటాయి. అందుకని ఆ గదికి తలుపులు మూసి, డీహ్యూమిడిఫయర్ పెట్టారు. ఆ ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు కాబట్టి పని చేసే బల్ల పైన ఎగ్జాస్ట్ ఫ్యాను ఆగకుండా తిరుగుతోంది. చిన్న షెడ్డులో ఇంత జాగ్రత్త చూడటం నాకు సంతోషమనిపించింది. ఈ వాడల్లో ప్రతి షెడ్డులోనూ ఈ మాస్కు, ఈ ఫ్యాను ఉండి తీరాలి.

రెండోది సిలికాన్ క్యాపు. పచ్చి సిలికాన్ ముద్దను రెండు రోలర్ల మధ్య నలిపి, రంగు, పెరాక్సైడ్ కలుపుతారు. తూకం వేసి కోసిన ముక్కలను డై గుంటల్లో పెట్టి, హైడ్రాలిక్ ప్రెస్‌లో 170 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు నొక్కి ఉంచుతారు. డై తెరవగానే క్యాపులన్నీ ఒకే పల్చటి పొరకు అంటుకుని షీటులా లేచి వస్తాయి. ఆ అదనపు పొరను వీళ్ళు ఫ్లాష్ అంటారు. దాన్ని కోసి తీయడం ఇద్దరు ఆడవాళ్ళ పని. కిటికీ పక్కన కూర్చుని, వంపు కత్తెరతో గోటంత క్యాపుని తిప్పుతూ చుట్టూ కోస్తున్నారు.

"పొద్దంతా ఇదే పనైతే కళ్ళు గుంజవా అక్కా?" అని అడిగాను.

"అలవాటైంది సార్. కన్నుకన్న ముందు వేలికే తెలుస్తది. గరుకు తగిలిందంటే మల్ల కోస్త," అందామె, తల ఎత్తకుండానే.

కోసిన ప్రతి క్యాపు మీదా ఆమె ఒకసారి బొటనవేలితో రాసి చూస్తోంది. ఆడుకునే పిల్లవాడి వేలు ఎక్కడ ఆనుతుందో సరిగ్గా అక్కడే. ఈ షెడ్డులో ఇంతకు మించిన నాణ్యత పరీక్ష నాకు కనబడలేదు, అవసరమూ అనిపించలేదు.

అసలు కష్టం అంటించడంలో ఉంది. సిలికాన్‌కు మామూలు జిగురు పట్టదు. అందుకని ఒక వైపు సిలికాన్ జిగురు, రెండో వైపు అక్రిలిక్ జిగురు ఉన్న టేపు వాడతారు. రిమోట్ బటన్ ఏబీఎస్ ప్లాస్టిక్ అయితే అక్రిలిక్ దాన్ని బాగా పట్టుకుంటుంది. యజమాని ఒక బటన్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, క్యాపు పెట్టి, బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. "ఇప్పుడే ఆడుతనంటే లేస్తది సార్. ఒక రోజు వదిలిపెట్టాలె," అన్నాడు. జిగురు ప్లాస్టిక్ మీద పూర్తిగా పరుచుకోవడానికి ఆ సమయం కావాలి. ఇలాంటి టేపు పక్కకు నెట్టే బలాన్ని బాగా తట్టుకుంటుంది, అంచు పట్టి పైకి లాగే బలానికి ఓడిపోతుంది. అందుకే క్యాపు అంచుని గోరు దొరకనంత పల్చగా, గుండ్రంగా దించుతారు.

ఈ క్యాపులు కొనేవాళ్ళలో కొందరికి కావలసింది పట్టు, కొందరికి గుర్తు. చేతి ఆటల్లో ఎడమ బొటనవేలి కింద ఉండే ప్లస్ గుర్తు బటన్ నింటెండో ఇంజనీరు గున్‌పే యోకోయి చలవ. 1982లో డాంకీ కాంగ్ గేమ్ అండ్ వాచ్‌తో అది వచ్చింది. కుడివైపు నాలుగు బటన్ల వజ్రాకారం 1990లో సూపర్ ఫామికామ్‌తో స్థిరపడింది. వాటి మీద అక్షరాల విషయంలో మాత్రం కంపెనీలకు ఏకాభిప్రాయం లేదు. నింటెండోలో ఏ కుడి చివర ఉంటే ఎక్స్‌బాక్స్‌లో కింద ఉంటుంది, ఎక్స్, వై కూడా తారుమారే. 1994లో వచ్చిన ప్లేస్టేషన్‌లో అక్షరాలే లేవు, త్రికోణం, వృత్తం, అడ్డగీతల గుర్తు, చతురస్రం. తెర మీద ఒక అక్షరం నొక్కమంటుంది, చేతిలో ఆ చోట ఇంకోటి ఉంటుంది. రంగో, గీతో, చుక్కో ఉన్న క్యాపు అంటిస్తే ఆ తికమక తీరిపోతుంది. పాత బటన్ ఫోన్లలో 5 అంకె మీద చుక్క ఎందుకుండేదో మన వేళ్ళకు బాగా తెలుసు. చీకట్లో కూడా నంబరు కొట్టగలిగింది దాని పుణ్యమే.

ప్రెస్ పక్కనే ఇంకో డైలోంచి పెద్ద సైజు రబ్బరు మూతలు వస్తున్నాయి. ఫ్యాక్టరీల్లో క్రేన్ నడపడానికి పైనుంచి వేలాడే పెండెంట్ ఉంటుంది కదా, దాని బటన్లకు తొడిగేవి. చేతికి గ్లవుజు, చూపు పైన వేలాడే టన్నుల బరువు మీద, వేలు తనంతట తనే పైకి, కిందికి బటన్లను గుర్తుపట్టాలి. తెర నుంచి కళ్ళు తిప్పలేని ఆటగాడికీ అదే అవసరం. తేడా ఒక్కటే, ఇక్కడ వేలు పొరపడితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే పెండెంట్ బటన్ల మీద తమకు తోచింది అంటించనివ్వకూడదనీ, ఎర్రటి ఎమర్జెన్సీ స్టాప్ మీద ఏదీ ఉండకూడదనీ యజమాని గట్టిగా చెప్పాడు. ఆటలో మాత్రం ఎవరి చేతికి తగ్గట్టు వాళ్ళు మార్చుకునే స్వేచ్ఛ ఉంది.

ఆ స్వేచ్ఛ విలువ ఆయనకు ఒక తల్లి వల్ల తెలిసింది. కండరాల బలహీనత ఉన్న కొడుకు రిమోట్ పట్టుకుని ఆమె నేరుగా షెడ్డుకే వచ్చింది. ఆ అబ్బాయి బొటనవేలు వంగదు, వేలి పక్కభాగంతోనే నొక్కగలడు. నున్నటి బటన్ మీద అది జారిపోతోంది. ఆయన మెత్తటి సిలికాన్‌తో, మధ్యలో గుంట ఉండి ఒక వైపు అంచు లేచిన క్యాపులు నాలుగు చేసిచ్చాడు. "బలం తక్కువ పట్టేటట్టు నేను చెయ్యలేను సార్, అది లోపలి గుబ్బ పని. కానీ ఉన్న బలం జారిపోకుంట ఆపొచ్చు," అన్నాడు. ఈ పనికి ఉన్న హద్దునీ, దాని గొప్పతనాన్నీ ఇంతకంటే సూటిగా చెప్పడం కష్టం.

ప్రపంచం ఈ సంగతి గుర్తించింది. మైక్రోసాఫ్ట్ 2018లో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది. సోనీ 2023 డిసెంబర్‌లో యాక్సెస్ కంట్రోలర్ విడుదల చేసింది. దాని బటన్ క్యాపుల్ని తీసి వేరే ఆకారాలవి పెట్టుకోవచ్చు. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో కండరాల క్షీణత కూడా ఉంది. చదువు, ఉద్యోగం, రవాణా గురించి మాట్లాడుతున్నాం, మాట్లాడాలి. ఆట కూడా పిల్లల హక్కే. తోటి పిల్లలతో సమానంగా ఓడిపోయే, గెలిచే అవకాశం ఏ బిడ్డకైనా కావాలి.

దానికి కావలసినవన్నీ ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది, అందులో డిజైన్ విభాగమూ ఉంది. సుల్తాన్‌పూర్‌లో 2017లో శంకుస్థాపన జరిగిన మెడికల్ డివైసెస్ పార్కు ఉంది. డై చేసేవాళ్ళు, రబ్బరు పోసేవాళ్ళు, టేపు కోసేవాళ్ళు ఉన్నారు. అడ్డుపడేది ఆర్డర్ల లెక్క. ఒక డైకి అయ్యే ఖర్చు రావాలంటే ముక్కలు వేలల్లో అమ్ముడుపోవాలి. ఒక్క పిల్లవాడి కోసం ఎవరు డై చేస్తారు?

యజమాని దీనికో దారి వేశాడు. ముందు త్రీడీ ప్రింటర్ మీద ఆకారం తీసి వేలి కింద పెట్టి చూస్తాడు. సరిపోయాక, ఒకే డై పలకలో వేరువేరు ఆకారాల గుంటలు చెక్కిస్తాడు. అందరికీ అమ్మే మామూలు క్యాపుల పక్కనే ఆ ప్రత్యేకమైనవీ ఒకే నొక్కుడులో వచ్చేస్తాయి. ఎక్కువ అమ్ముడుపోయేవి తక్కువ అమ్ముడుపోయేవాటి ఖర్చు మోస్తాయి.

ఈ పద్ధతి ఒక్క షెడ్డుకు పరిమితం కాకూడదు. ఫిజియోథెరపిస్టులు, ప్రత్యేక పాఠశాలల టీచర్లు పిల్లల చేతుల కొలతలు తీసుకుని ఇలాంటి యూనిట్ల గుమ్మం తొక్కాలి. డిజైన్ విద్యార్థులు సెమిస్టర్‌లో కొన్ని రోజులు ప్రెస్ పక్కన నిలబడాలి. పారిశ్రామికవాడ అంటే వేల లెక్కన సరుకు తీసే చోటే కాదు, నాలుగు క్యాపుల ఆర్డర్‌ని కూడా ఆర్డర్‌గా రాసుకునే చోటు అని సంగారెడ్డి జిల్లా చూపించగలదు. కావలసిన పనితనం ఇక్కడ ఇప్పటికే ఉంది. అడగాల్సినవాళ్ళు వచ్చి అడగాలి, అంతే.